ఈమెయిల్ నిధులలో వైరస్ గుర్తింపులు

నిర్వచనము – పరిధి

వచ్చిన ఉత్తరములను, పంపిన ఉత్తరములను మెయిల్ ప్రోగ్రాము గాని మెయిల్ సర్వరు గాని డిస్కుపై భద్రపఱచియుంచు ఫైళ్ల సముదాయమునకు ఈమెయిల్ నిధి యని పేరు. ఆ నిధిలో చేరి నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి కదలక పడియున్న ఉత్తరములలో ఏదో యొకదానియందు హానికరమైన ప్రోగ్రాము కలదని యాంటీవైరస్ తెలుపుటయు, అట్టి సమయమున నిధికి భంగము కలుగకుండ ఆ దోషమును తొలగించుటయు ఈ వ్యాసమునకు విషయములు. ఉత్తరము గ్రహీతను చేరకముందే మార్గమధ్యమున జరుగు పరిశీలన వేఱొక శాఖ (చూ. మెయిల్ గేట్‌వే రక్షణ). లోకవ్యవహారమున వైరస్ అను పేరుతోనే పిలువబడుచున్నను, ఇట్లు దొరకు వానిలో తమంతట తామే వ్యాపించు వర్ములు, మంచి ప్రోగ్రాముల వేషము దాల్చిన ట్రోజన్లు, వర్డ్, ఎక్సెల్ పత్రములలోని మాక్రోలు, బ్యాంకుల పేరిట వచ్చు మోసపు ఉత్తరములు సైతము చేరియుండును.

ఈ విషయమును ప్రత్యేకముగా చర్చింపవలసి వచ్చుటకు ఒక్కటే కారణము. సామాన్యమైన ఫైలులో వైరస్ దొరికినచో ఆ ఫైలును తుడిచివేసినంతనే పని ముగియును. మెయిల్ నిధిలో దొరికినప్పుడైతే, ఒక్క ఫైలులోనే వేలకొలది ఉత్తరములు ఇమిడియుండుట వలన, ఫైలును తుడుచుట యనగా దోషములేని వేల ఉత్తరములను కూడ దోషమున్న ఒక్కదానితో పాటు పోగొట్టుకొనుట యగును. వైరస్ వలన కలుగు నష్టము కంటె వైరసును తొలగింపబోయి తెచ్చుకొను నష్టమే ఈ రంగమున తఱచుగా పెద్దది.

చరిత్ర

ఉత్తరముల ద్వారా వ్యాపించు ప్రోగ్రాములు ఇంటర్నెట్ జనసామాన్యమునకు అందకపూర్వమే పుట్టినవి. 1987 డిసెంబరులో పశ్చిమ జర్మనీయందలి క్లాస్తాల్ సాంకేతిక విశ్వవిద్యాలయమున ఒక విద్యార్థి వ్రాసిన ‘క్రిస్మస్ ట్రీ ఎగ్జెక్’ అను చిన్న ప్రోగ్రాము, తెఱపై అక్షరములతో క్రిస్మస్ చెట్టును గీయుచునే, గ్రహీత చిరునామాల పట్టికలోని వారందఱికిని తన్ను తాను పంపుకొని, విశ్వవిద్యాలయములను కలిపిన బిట్‌నెట్ మీదుగా ఐబీఎం సంస్థ ఆంతరంగిక నెట్‌వర్కు వఱకు ప్రాకెను. నాటి ఉత్తరములలో ప్రధానముగా అక్షరములే ఉండెడివి. ఉత్తరమునకు ఏ రకపు ఫైలునైనను జోడించి పంపుటకు వీలు కలిగించిన మైమ్ ప్రమాణము 1992 జూనులో వెలువడిన తరువాతనే అటాచ్‌మెంటు నేటి రూపమును పొందెను. వైరసులకు ఉత్తమ వాహనము దొరకినదియు అప్పుడే.

1999 మార్చి 26న బయలుదేఱిన మెలిస్సా అను వర్డ్ మాక్రో వైరస్, అవుట్‌లుక్ చిరునామా పుస్తకములోని మొదటి 50 మందికి తన ప్రతులను పంపెడిది. అదే సంవత్సరము నవంబరులో బయటపడిన బబుల్‌బాయ్, అటాచ్‌మెంటును తెఱవకయే, ఉత్తరమును చూచుట మాత్రము చేతనే పని ప్రారంభింపగల ప్రోగ్రాము సాధ్యమేనని చూపెను. 2000 మే 4న ఫిలిప్పీన్స్ నుండి ప్రపంచమంతట వ్యాపించిన ‘ఐ లవ్ యూ’ చిరునామా పుస్తకములోని వారినందఱిని చేరి, కంప్యూటరులోని చిత్రముల ఫైళ్లపై తన ప్రతులను వ్రాసి వానిని నాశనము చేసెను. పిమ్మట 2001లో నిమ్డా, 2003లో సోబిగ్, 2004 జనవరిలో మైడూమ్, బేగిల్, ఆ వెంటనే నెట్‌స్కై వరుసగా వచ్చెను. వీనిలో బేగిల్ కొన్నాళ్లకు పాస్‌వర్డు వేసిన జిప్ ఫైలులో దాగి, ఆ పాస్‌వర్డును ఉత్తరములోనే వ్రాసి, యాంటీవైరసు చూడజాలని దానిని మనుష్యుని చేత తెఱపించు ఉపాయమును వాడుకలోనికి తెచ్చెను.

ఈ ఉప్పెనలు ఒక్కొక్కటి వారములలోనో నెలలలోనో తగ్గిపోయినవి గాని, అవి వదలివెళ్లిన ఉత్తరములు మాత్రము నిధుల అడుగున నిలిచియేయున్నవి. వచ్చిననాడు యాంటీవైరసుకు తెలియని వైరస్, కొన్ని దినములకు దాని ఆనవాలైన సిగ్నేచర్ తయారైన పిమ్మట, తరువాతి పూర్తి పరిశీలనలో బయటపడును. పాత కంప్యూటరు నుండి క్రొత్తదానికి ఉత్తరములను మార్చుకొనునప్పుడు, లేక గూగుల్ టేకౌట్ ద్వారా జీమెయిల్ ఉత్తరములనన్నిటిని ఒక్క ఎంబాక్స్ ఫైలుగా (ఈ రూపము క్రింద వివరింపబడినది) దింపుకొనునప్పుడు ఎన్నడో మఱచిన వైరసుల పేర్లు తెఱపై కనబడుట ఇందువలననే.

2014లో మొదట గుర్తింపబడిన హానికర ప్రోగ్రామైన ఎమోటెట్‌తో ఈ చరిత్ర మఱొక మలుపు తిరిగెను. అంతకు పూర్వపు వైరసులకు కావలసినది చిరునామా పుస్తకము మాత్రమే. ఎమోటెట్ 2018 నాటి నుండి నిధిలోని ఉత్తరముల పాఠమునే దొంగిలించి, పిమ్మట పాత సంభాషణకు ప్రత్యుత్తరము వలె కనబడునట్లు తన అటాచ్‌మెంటును జోడించి పంపసాగెను. ఎఱిగినవారి పేరు, తాము వ్రాసిన వాక్యములే క్రింద కనబడుచుండగా గ్రహీత అనుమానించు నవకాశము తక్కువ. 2021 జనవరిలో పలుదేశముల పోలీసులు కలిసి దాని సర్వర్లను స్వాధీనము చేసికొనిరి. ఆ సంవత్సరము నవంబరులో అది మరల తలయెత్తెను. అప్పటివఱకు వైరసులు వచ్చి పడియుండు చోటుగా మాత్రమే ఎంచబడిన నిధి ఇట్లు వైరసులకు ముడిసరుకు కూడ నయ్యెను.

నిధుల నిర్మాణభేదములు

గుర్తింపు వచ్చినప్పుడు చేయవలసిన పని అంతయు నిధి యే రకమైనదో దానిని బట్టియే నిర్ణయింపబడును.

యూనిక్స్ నుండి వచ్చిన ఎంబాక్స్ రూపము అన్నిటికంటె సరళము. ఇందు ఒక ఫోల్డరు యావత్తును ఒక్క అక్షరఫైలు. ఉత్తరములు ఒకదాని వెనుక నొకటి వరుసగా చేర్చబడును. ‘ఫ్రమ్’ అను మాటయు ఖాళీయు మొదటగల పంక్తి ప్రతి యుత్తరమునకు ఆరంభచిహ్నము. ఉత్తరము లోపలనే యొక పంక్తి ఆ మాటతో మొదలైనచో గందరగోళము కలుగకుండుటకై దానికి ముందు ఒక బాణపు గుర్తు చేర్చబడును. మొజిల్లా థండర్‌బర్డ్ ఈ రూపమునే ప్రధానముగా వాడును. ఇన్‌బాక్స్ అను పేరుగల, విస్తరణలేని ఫైలులో ఉత్తరములును, దాని ప్రక్కనే ఎంఎస్ఎఫ్ విస్తరణగల ఫైలులో వాని సూచికయు ఉండును. సూచిక పోయినను ప్రోగ్రాము దానిని మరల నిర్మించుకొనగలదు. ఇన్‌బాక్స్ ఫైలు పోయినచో నిర్మించుటకు మూలమే యుండదు.

ఎంబాక్స్‌లో ఉత్తరమును తొలగించుట యను పనిని గూర్చి యొక సంగతి తెలిసియుండవలెను. థండర్‌బర్డ్‌లో వినియోగదారుడు డిలీట్ నొక్కినప్పుడు ఉత్తరపు ప్రతి యొకటి ట్రాష్ ఫోల్డరునకు చేరును. మూలఫైలులోని ఉత్తరము శీర్షికలో ‘తొలగింపబడినది’ అను గుర్తు మాత్రము పడును. అక్షరములన్నియు నున్నచోటనే యుండును. ఫోల్డరును కాంపాక్ట్ చేసినప్పుడే, గుర్తుపడిన ఉత్తరములను విడిచి మిగిలినవానితో క్రొత్త ఫైలు వ్రాయబడును. నెలల క్రిందట తొలగించితినని నిశ్చయముగా నెఱిగిన ఉత్తరములో వైరస్ కలదని యాంటీవైరస్ చెప్పుటకును, ఫోల్డరులో ఎంత వెదకినను ఆ ఉత్తరము కానరాకుండుటకును ఇదియే హేతువు.

అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఐదవ సంచిక మొదలు ఒక్కొక్క ఫోల్డరునకు ఒక్కొక్క డీబీఎక్స్ ఫైలు ఉండెడిది. అందును తొలగింపు, కాంపాక్ట్ అను రెండు మెట్లుండెడివి. మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్ వాడు పీఎస్టీ ఫైలు వీనికంటె సంక్లిష్టము. ఫోల్డర్లు, ఉత్తరములు, క్యాలెండరు, పరిచయస్థుల వివరములు అన్నియు ఒక్క ఫైలులోనే వృక్షాకార సూచికలతో కూర్పబడియుండును. 2002 వఱకు వచ్చిన సంచికలలో దీని పరిమితి 2 జీబీ. 2003లో యూనికోడ్ రూపము వచ్చిన పిమ్మట ముందుగా నిర్ణయించిన పరిమితి 20 జీబీకి, 2010లో 50 జీబీకి పెరిగెను. లోపలి సమాచారము సామాన్యముగా ఒక అక్షరమార్పిడి పద్ధతిలో వ్రాయబడియుండుట చేత, నిర్మాణము తెలియని యాంటీవైరస్ పీఎస్టీని పైపైన చదివిన ప్రయోజనము లేదు.

డేనియల్ బెర్న్‌స్టీన్ క్యూమెయిల్ అను సర్వరు కొఱకు కల్పించిన మెయిల్‌డిర్ పద్ధతిలో ప్రతి యుత్తరమును ఒక ప్రత్యేకమైన ఫైలు. వైరస్ గుర్తింపుల దృష్టితో చూచినచో ఇదియే మేలైన పద్ధతి. దోషము ఒక్క ఉత్తరమునకే పరిమితమై, తొలగింపు నిరపాయమగును. ఐనను ఉత్తరమునుండి అటాచ్‌మెంటును మాత్రము కోసివేసి ఫైలును తిరిగి వ్రాయుట ఇందు కూడ తగదు. ఫైలు పరిమాణము డవ్‌కాట్ వంటి సర్వర్లలో ఫైలు పేరులోనే నమోదగుట వలన పేరునకును పరిమాణమునకును పొత్తు కుదరక తప్పులు పుట్టును. ఒక సంఖ్య నిచ్చిన ఉత్తరము మాఱరాదని, సర్వరుపై నున్న ఉత్తరములను చదువు పద్ధతియైన ఐమ్యాప్ నియమము. ఉత్తరము మాఱలేదని తెలుపు, పంపినవారి డీకిమ్ సంతకము సైతము చెల్లకపోవచ్చును.

గుర్తింపు జరుగు విధము

అటాచ్‌మెంటు నిధిలో తన సహజరూపమున నుండదు. మైమ్ నియమము ననుసరించి బేస్64 అను లిపిలోనికి మార్చబడి, ప్రతి మూడు బైట్లకు నాలుగేసి అక్షరముల చొప్పున, పంక్తికి 76 అక్షరములకు మించకుండ వ్రాయబడును. కావున మూడవవంతు మేర పరిమాణము పెరుగును. యాంటీవైరస్ మొదట ఉత్తరముల హద్దులను గుర్తించి, మైమ్ భాగములను విడదీసి, బేస్64ను విప్పి, జిప్ వంటి పొట్లముండినచో దానినిని తెఱచి, అటుపిమ్మటనే లోపలి ఫైలును తన సిగ్నేచర్లతో పోల్చును. నివేదికలో ‘ఇన్‌బాక్స్ – ఫలానా ఉత్తరము – ఇన్‌వాయిస్.జిప్ – ఇన్‌వాయిస్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’ అని గొలుసువలె కనబడు దారి ఈ మెట్లకు ప్రతిబింబము. దోషము ఆ గొలుసు చివరి కొసయందున్నది. దోషమున్న ఫైలును వేఱుచోట బంధించు క్వారంటైన్ అను ఆజ్ఞ మాత్రము చాల సాఫ్ట్‌వేర్లలో గొలుసు మొదటనున్న ఇన్‌బాక్స్ ఫైలునకు తగులును.

ఎంబాక్స్ ఫైలు ప్రతిని అక్షరసంపాదకమున తెఱచి చూచువారికి బేస్64 భాగముల మొదటి అక్షరములు కొంత తెలుపగలవు. విండోస్ ప్రోగ్రాము ఫైలు సామాన్యముగా పెద్దబడి టీ, పెద్దబడి వీ, చిన్నబడి క్యూ, పెద్దబడి క్యూ అను నాలుగక్షరములతో మొదలగును; జిప్ ఫైలును, జిప్‌గానే కట్టబడిన నేటి వర్డ్, ఎక్సెల్ పత్రములును యూ, ఈ, చిన్నబడి ఎస్, డీ అను వానితోడను, పీడీఎఫ్ జే, వీ, బీ, ఈ అను వానితోడను మొదలగును. తెలుగున వ్రాసిన ఉత్తరములు గలవారు ఇచ్చట పొరపడుటకు అవకాశము కలదు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతము ఒక్కొక్కటి మూడు బైట్లు గావున, అట్టి యుత్తరముల పాఠము కూడ తఱచుగా బేస్64లోనే పంపబడును. ‘తెలుగు’ అను మాటలో మూడు హల్లులును మూడు గుణింతపు గుర్తులును కలిసి ఆఱు సంకేతములు, అనగా 18 బైట్లు, అనగా 24 బేస్64 అక్షరములు. ప్రతి నాలుగింటి గుంపును నాలుగు అంకెతోడను ఎల్ అక్షరముతోడను మొదలగును. అర్థములేని అక్షరముల రాశివలె కనబడునది యెల్ల అటాచ్‌మెంటు కాదు. నిష్కల్మషమైన యోగక్షేమపు జాబు కూడ అట్లే కనబడును.

ఫైలు పేర్లలోని మోసములు కూడ చెప్పదగినవి. రెండు విస్తరణలుగల పేర్లు పాత యుపాయము. ‘ఐ లవ్ యూ’ అటాచ్‌మెంటు పేరు టీఎక్స్‌టీ అని పలికి వీబీఎస్‌తో ముగిసెను. అరబ్బీ, హీబ్రూ లిపుల కొఱకు యూనికోడ్‌లో నేర్పఱచిన, వ్రాత దిశను త్రిప్పు అదృశ్యసంకేతమును పేరు నడుమ నిలిపి, ప్రోగ్రాము ఫైలును పత్రమువలె కనబఱచుట తరువాతి యుపాయము.

కొన్ని పరిశీలకములు ఒక ఫైలులో మొదటి దోషము దొరకగానే ఆ ఫైలును చదువుట ఆపివేయును. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరైన క్లామ్ఏవీ స్వభావము ఇట్టిదే. అన్ని గుర్తింపులును కావలెనన్నచో ప్రత్యేకముగా కోరవలెను. అందువలన ఒక ఉత్తరమును తీసివేసి మరల పరిశీలింపగా క్రొత్త పేరుతో వేఱొక గుర్తింపు వచ్చినచో, వైరస్ తిరిగి పుట్టినదని భయపడ నవసరము లేదు. అది మొదటి నుండియు వెనుక వరుసలో నున్నదే.

నిద్రాణస్థితి – అపాయ పరిమాణము

బేస్64 రూపమున నిధిలో నున్న వైరస్ పనిచేయదు, వ్యాపింపదు. దానిని ఎవరో తెఱచి, డిస్కుపై సహజరూపమున వ్రాయించి, నడపిననే దానికి చలనము. 1999–2001 నాటి కొన్ని వైరసులు మెయిల్ ప్రోగ్రాములలోని లోపముల నాశ్రయించి ప్రివ్యూ మాత్రము చేతనే లేచినమాట నిజము. ఆ లోపములు సవరింపబడిన ప్రోగ్రాములలో ఆ పాత యుత్తరములకు ఆ శక్తి లేదు. కనుక నిధిలోని గుర్తింపు, వైరస్ కంప్యూటరులోనికి చేరెననుటకు సాక్ష్యము గాని అది నడచెననుటకు సాక్ష్యము గాదు.

ఐతే గుర్తింపు ఏ చోట కలిగెనో చూచుట ముఖ్యము. అవుట్‌లుక్‌లో అటాచ్‌మెంటును నేరుగా తెఱచినప్పుడు దాని ప్రతి యొకటి విండోస్ తాత్కాలిక ఫైళ్లలోని ‘కంటెంట్.అవుట్‌లుక్’ అను మఱుగు ఫోల్డరులో వ్రాయబడును. ఆ ఫోల్డరులో వైరస్ దొరికినచో ఎవరో ఆ అటాచ్‌మెంటును తెఱచియుండిరని అర్థము, అప్పుడు మెయిల్ నిధిని విడిచి మొత్తము కంప్యూటరునే పరీక్షింపవలెను (చూ. వైరస్ సంక్రమణ చికిత్స). పంపిన ఉత్తరములలో, వినియోగదారుడు వ్రాయని యుత్తరమునకు జోడింపబడి వైరస్ కనబడినను అట్లే.

తప్పుడు గుర్తింపులు

గుర్తింపులన్నియు సత్యములు కావు. నిధి ఫైళ్లు మిక్కిలి పెద్దవగుటయు, వానిలో సకలవిధ సమాచారము కలిసియుండుటయు తప్పుడు గుర్తింపులకు దోహదకరములు. బ్యాంకు పంపిన నిజమైన యుత్తరములోనే, కనబడు లింకును అది నిజముగా చేర్చు చిరునామాయును వేఱువేఱుగా నుండుట చేత, మోసపు ఉత్తరమని ముద్రపడుట కలదు. వైరసులను గూర్చిన హెచ్చరికలలో ఉదాహరణగా నిచ్చిన కోడ్‌పంక్తులును, యాంటీవైరసు పనిచేయుచున్నదో లేదో చూచుటకై ఏర్పఱచిన 68 అక్షరముల ఐకార్ పరీక్షావాక్యమును ఇట్లే గంట మ్రోగించును. పేరులో ‘హ్యూరిస్టిక్’, ‘జెనరిక్’ అను మాటలున్న గుర్తింపులు పోలికను బట్టి చేసిన ఊహలు గనుక వానిని రెండవ పరిశీలకముతో సరిచూచుట యుక్తము. 2004లో స్పెయిన్‌లో ఆరంభమై 2012లో గూగుల్ చేతిలోనికి వచ్చిన వైరస్‌టోటల్, ఒక ఫైలును పలు యాంటీవైరసులతో నొక్కమాఱు పరీక్షించును. ఐతే అచ్చట చేర్చిన ఫైలు ఇతర పరిశోధకులకు కూడ అందును గావున, యావత్తు ఇన్‌బాక్సును గాని ఆంతరంగిక పత్రమును గాని అచ్చటికి పంపరాదు. ఫైలు ఎస్‌హెచ్ఏ-256 ముద్రను, అనగా ఫైలు బైట్ల నుండి లెక్కించిన సంఖ్యను, మాత్రము ఇచ్చి వెదకిన ఆ యిబ్బంది యుండదు.

ఒంటి కంప్యూటరున పరిహారము

మొదటి కర్తవ్యము యాంటీవైరసు చూపిన తొలగించు, శుద్ధిచేయు, క్వారంటైన్ చేయు అను మీటలలో దేనినిని నొక్కకుండుట. రెండవది, మెయిల్ ప్రోగ్రామును మూసి నిధి ఫోల్డరు యావత్తునకు వేఱొక డిస్కుపై ప్రతి తీయుట. ఆ ప్రతిలోను వైరస్ ఉండును. ఉండినను అది నిద్రాణమే గనుక, పని ముగియువఱకు ఆ ప్రతి విలువ దాని దోషము కంటె మిక్కిలి యెక్కువ.

పిమ్మట నివేదికలోని విషయపంక్తి, పంపినవారి పేరు, తేదీ, అటాచ్‌మెంటు పేరు ఆధారముగా ఉత్తరమును మెయిల్ ప్రోగ్రాములోనే వెదకవలెను. థండర్‌బర్డ్‌లో వెదకునప్పుడు ఇన్‌బాక్స్, జంక్, ట్రాష్ మూడింటిని చూడవలెను. ఉత్తరము కనబడినచో తెఱవకయే ఎంచుకొని తొలగించి, ట్రాష్‌ను ఖాళీచేసి, మూలఫోల్డరును కాంపాక్ట్ చేయవలెను. కనబడనిచో అది మునుపే తొలగింపబడి గుర్తుతో మిగిలినదై యుండవచ్చును గనుక, కాంపాక్ట్ ఒక్కటి చేసి మరల పరిశీలించిన చాలును. ఈ పని జరుగునంతసేపు యాంటీవైరసు ఆ ఫైలును అడ్డగించుచుండినచో, ఇంటర్నెట్ సంబంధమును తప్పించి, ఆ ఒక్క ఫోల్డరునకు తాత్కాలికముగా మినహాయింపు నిచ్చి, పని ముగిసిన వెంటనే ఆ మినహాయింపును రద్దుచేయవలెను.

అవుట్‌లుక్‌లో వేఱొక చిక్కు కలదు. ‘ఐ లవ్ యూ’ తరువాత 2000 సంవత్సరమున వచ్చిన భద్రతా సవరణ మొదలు అవుట్‌లుక్ ఈఎక్స్ఈ, వీబీఎస్ వంటి అటాచ్‌మెంట్లను వినియోగదారునికి అందనీయదు. అవి నిధిలో నుండును గాని తెఱువ వీలుపడదు. యాంటీవైరసు చూచుచున్నది మనుష్యుడు చూడలేని దానినే గనుక, అటాచ్‌మెంటు కొఱకు గాక ఉత్తరము కొఱకు వెదకి, ఉత్తరమునే పూర్తిగా తొలగింపవలెను. తొలగించిన పిమ్మట పీఎస్టీ దెబ్బతిన్నదను అనుమానము కలిగినచో స్కాన్‌పీఎస్టీ అను మరమ్మతు సాధనము కలదు. దానిని కూడ ప్రతి తీసికొనిన పిదపనే నడపవలెను.

ఖాతా ఐమ్యాప్ పద్ధతిది ఐనచో కంప్యూటరులోనిది నకలు మాత్రమే. మూలము సర్వరుపై నున్నది. ఇచ్చట ఫైలును క్వారంటైన్ చేసినచో ఉత్తరములు పోవు గాని, ప్రోగ్రాము మరల అన్నిటిని దింపుకొనుటతో వైరస్ కూడ మరల దిగి, గుర్తింపు మరల వచ్చి, ఈ చక్రము తెగదు. వెబ్‌మెయిల్‌లో ప్రవేశించి సర్వరుపైననే ఉత్తరమును తొలగించుట దీనికి పరిష్కారము.

థండర్‌బర్డ్ సెట్టింగులలో, వచ్చు ఉత్తరములను యాంటీవైరసు ఒక్కొక్కటిగా వేఱుచేయుటకు అనుమతించు ఎంపిక యొకటి కలదు. దానిని ఎంచుకొన్నచో ప్రతి క్రొత్త యుత్తరమును మొదట ఒక తాత్కాలిక ఫైలులో వ్రాయబడి, పరిశీలనకు నిలిచిన పిమ్మటనే ఇన్‌బాక్సులో చేర్చబడును. పాత యుత్తరములకు ఇది పనికిరాదు. రాబోవు చిక్కును మాత్రము మొదటనే తప్పించును.

సర్వరు నిధులు

మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ వంటి సర్వర్లలో వందలమంది ఉత్తరములు ఒక్క ఈడీబీ ఫైలులో నుండును. ప్రతి మార్పును మొదట లాగ్ ఫైళ్లలో వ్రాయబడి పిదప డేటాబేసునకు చేరును. 2003 వఱకు ఒక్కొక్క లాగ్ 5 ఎంబీ, 2007 నుండి 1 ఎంబీ. వైరస్ గల ఉత్తరము వచ్చినప్పుడు దాని బైట్లు లాగ్‌లోను పడును. సామాన్య యాంటీవైరసు ఆ లాగ్‌ను దోషయుక్తమని యెంచి తొలగించినచో గొలుసు తెగి, డేటాబేసు నిలిచిపోవుటయే గాక బ్యాకప్ నుండి పునరుద్ధరించు మార్గము కూడ మూసికొనిపోవును. అందుచేతనే ఈడీబీ, లాగ్ ఫోల్డర్లను ఫైలుస్థాయి పరిశీలన నుండి మినహాయింపవలెనని మైక్రోసాఫ్ట్ సూచనలు విధించుచున్నవి. ఎక్స్ఛేంజ్ 2000లో నిధి యంతయు ‘ఎం’ అను డ్రైవువలె కనబడెడిది. దానిని సామాన్యమైన డిస్కనుకొని పరిశీలించిన యాంటీవైరసులు క్యాలెండరు మొదలగువానిని చెఱచుట వలన, తరువాతి సంచికలో ఆ డ్రైవు మఱుగుపఱుపబడెను.

నిధిలోనికి సక్రమముగా ప్రవేశించి ఉత్తరములను పరీక్షించుటకై ఎక్స్ఛేంజ్ 5.5 నాటి నుండి వీఎస్ఏపీఐ అను ద్వారము యాంటీవైరసు నిర్మాతలకు తెఱచియుండెడిది. ఎక్స్ఛేంజ్ 2013లో అది తీసివేయబడి, ఉత్తరము ప్రయాణించునప్పుడే పరిశీలించు పద్ధతి స్థిరపడెను. మైక్రోసాఫ్ట్ 365లో, చేరిన పిమ్మట హానికరమని తేలిన ఉత్తరమును వెనుకకు పోయి పెట్టెల నుండి తీసివేయు ఏర్పాటు కలదు. నిర్వాహకుడు ఒక ఉత్తరమును విషయపంక్తిని బట్టి అందఱి పెట్టెలలోను వెదకి తొలగించు ఆజ్ఞలును కలవు. అట్టి ఆజ్ఞను మొదట వెదకుటకు మాత్రమే నడపి, ఫలితములను కన్నులార చూచిన పిమ్మటనే తొలగింపునకు నడపుట ఉత్తమ సంప్రదాయము.

బ్యాకప్‌లు

నిధి శుభ్రపడినను దాని పాత బ్యాకప్‌లలో వైరస్ నిలిచియుండును. బ్యాకప్‌ను విప్పి సవరించుట సామాన్యముగా సాధ్యము కాదు, సాధ్యమైనను తగదు. బ్యాకప్ విలువ అంతయు అది మాఱకుండుటయందే యున్నది. పునరుద్ధరించినప్పుడు, వినియోగదారులకు అందించుటకు ముందు మరల పరిశీలించుట చాలును. న్యాయస్థానముల కొఱకు, ఆడిట్ల కొఱకు భద్రపఱచవలసిన ఉత్తరములలో వైరస్ దొరికినచో తొలగింపరాదు. పాస్‌వర్డు వేసిన పొట్లములో వేఱుగా నుంచి, కారణమును నమోదుచేయవలెను.

గూఢలిపిలో పంపిన ఎస్‌మైమ్, పీజీపీ ఉత్తరముల లోపలి భాగమును నిధిని చదువు యాంటీవైరసు చూడనే జాలదు. వానిలోని వైరస్ గ్రహీత తన తాళపుచెవితో విప్పి, అటాచ్‌మెంటును డిస్కుపై వ్రాసిననాడు మాత్రమే బయటపడును.

భారతదేశమున చట్టము – సంస్థలు

2000 అక్టోబరు 17న అమలులోనికి వచ్చిన సమాచార సాంకేతిక చట్టము 43వ సెక్షను, యజమాని యనుమతి లేక కంప్యూటరులో వైరసును ప్రవేశపెట్టుటను నష్టపరిహారము చెల్లింపదగిన తప్పుగాను, 66వ సెక్షను అదే కార్యము మోసపు బుద్ధితో చేసినప్పుడు మూడేండ్ల వఱకు శిక్షింపదగిన నేరముగాను పేర్కొనుచున్నవి. 2004 జనవరిలో నేర్పడిన, కంప్యూటరు భద్రతా ఘటనలను చూచు సెర్ట్-ఇన్ సంస్థ, 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశములలో, హానికర ప్రోగ్రాముల దాడులను కనుగొనిన ఆఱు గంటలలోపల తెలుపవలెననియు, లాగ్‌లను 180 దినములు నిలువయుంచవలెననియు సంస్థలను శాసించెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని కార్యాలయములకు, కంపెనీలకు కూడ ఇవి వర్తించును. పాత నిధిలో నిద్రాణముగా దొరికిన ఒక్క ఉత్తరమునకును, తెఱువబడి వ్యాపించిన దాడికిని గల భేదమును సంస్థ తన పరీక్షల ద్వారా ముందు తేల్చుకొనవలెను. లాగ్‌లు లేనిచో ఆ భేదమును తేల్చుట కష్టము.

2017 ఫిబ్రవరిలో సెర్ట్-ఇన్ ఆధ్వర్యమున నారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రము పౌరులకు ఉచితముగా శుద్ధి సాధనముల నిచ్చుచున్నది. అవి కంప్యూటరులో నడచుచున్న హానికర ప్రోగ్రాములైన బాట్లను వదలించుటకై ఉద్దేశింపబడినవి. నిధిలోని ఉత్తరమును ఎంచి తీసివేయు పని మాత్రము మెయిల్ ప్రోగ్రాము ద్వారా దాని యజమాని చేసికొనవలసినదే.